ఫొటోలో చర్మం కనిపిస్తుంది, మరి జబ్బు?

మీరు రాసినదాని సారాంశం ఇది. మీ నాన్నగారి కుడి పాదం పైభాగాన రెండు నెలలుగా దురదతో కూడిన నల్లటి మచ్చ ఉంది. ఏదో ట్యూబు రాసినన్నాళ్లూ తగ్గి, మానగానే మళ్లీ వస్తోంది. వీడియోలో చర్మవైద్యులను సంప్రదిద్దామని మీరు అంటే, చెయ్యి పెట్టి చూడకుండా ఫోనులో ఏం తెలుస్తుందని ఇంట్లో పెద్దలు కొట్టిపారేశారు. వాళ్లది చాదస్తమా, అందులో నిజం ఏమైనా ఉందా, అసలు జనం దీన్ని ఎందుకు నమ్మరు అని అడిగారు. చర్మవైద్యంలో నాకు 20 ఏళ్ల పైచిలుకు అనుభవం ఉంది. అందులో సగం కాలంగా వారానికి రెండు రోజులు రోగులను దూరం నుంచే చూస్తున్నాను. కాబట్టి ఈ అపనమ్మకాన్ని ఎదుర్కోవడం నాకు కొత్తేమీ కాదు. కొన్నిసార్లు అది నాలోనూ ఉంటుంది.

మీ పెద్దల మాటలో సగానికి సగం నిజం ఉంది. చర్మవైద్యం కంటితో చేసే వైద్యమని అందరూ అంటారు గానీ, మేము కంటితో ఎంత చూస్తామో వేళ్లతోనూ అంతే చూస్తాం. మచ్చ అంచు గట్టిగా ఉందా మెత్తగా ఉందా, చుట్టూ ఉన్న చర్మం కంటే వేడిగా ఉందా, నొక్కితే ఎరుపు పోయి మళ్లీ వస్తోందా లేక అలాగే నిలిచిపోతోందా, గోటితో మెల్లగా గీకితే పొట్టు రాలుతోందా, పైకి చదునుగా కనిపిస్తున్నా లోపల గడ్డ చేతికి తగులుతోందా, ఇవన్నీ తెర మీద దొరికే సంగతులు కావు. మచ్చ మీద స్పర్శ ఉందో లేదో ఎంత మంచి కెమెరా అయినా చెప్పలేదు. అనుమానం ఉంటే పొట్టును కాస్త గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద ఫంగస్ పోగులు ఉన్నాయేమో చూస్తాం. ఆ పని వీడియో కాల్‌లో ఎవరూ చేయలేరు.

అయితే ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఫోనులో చూసి వైద్యం చేయడం కుదరదని గట్టిగా వాదించేవాళ్లలో చాలామంది, ఒంటి మీద ఏదైనా లేవగానే మొదట చేసే పని దాన్ని ఫొటో తీసి ఎవరికో ఒకరికి పంపడమే. బంధువుల్లో నర్సుగా పనిచేసిన ఆవిడకో, మందుల షాపులో కూర్చునే తెలిసిన కుర్రాడికో, ఇదే తెగులు వచ్చి తగ్గిందని చెప్పిన స్నేహితుడికో పంపుతారు. అవతలి నుంచి ఒక ట్యూబు పేరు వస్తుంది, అది కొంటారు, రాస్తారు. ఇది దూరవైద్యం కాకపోతే మరేమిటి? కాకపోతే ఇందులో వైద్యుడొక్కడే లేడు. అందుకే ఈ విషయంలో ప్రజలకు అవగాహన లేదని ఎవరైనా అన్నప్పుడు నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఆ పద్ధతికి ఒక పేరు ఉందని, దానికి తగిన శిక్షణ పొందినవాళ్లు ఉన్నారని, దానికి హద్దులున్నాయని తెలియదంటే మాత్రం ఒప్పుకుంటాను.

ఇదేదో కరోనా కాలంలో పుట్టుకొచ్చిన తాత్కాలిక ఏర్పాటు అనుకోవడం కూడా అందరిలో ఉన్న పొరపాటే. 1968లో అమెరికాలోని బోస్టన్ నగరంలో, విమానాశ్రయంలోని వైద్యకేంద్రాన్నీ మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రినీ టెలివిజన్ ద్వారా కలిపి రోగులను చూడటం మొదలుపెట్టారు. ఆ ప్రయత్నం నడిపినవాళ్లే, టెలివిజన్‌లో చూసి చర్మవ్యాధిని ఎంత కచ్చితంగా గుర్తించవచ్చో పరిశీలించి 1972లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ వ్యాసకర్తల్లో అమెరికా చర్మవైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ ఒకరు. చర్మపు రంగును, అది ఎండకు స్పందించే తీరును బట్టి మనుషుల చర్మాన్ని విభజించే పద్ధతికి 1975లో రూపం ఇచ్చింది కూడా ఆయనే. టెలీడెర్మటాలజీ, అంటే దూరం నుంచి చేసే చర్మవైద్యం, అనే మాట 1995లో పెరెడ్నియా, బ్రౌన్ అనే ఇద్దరు రాసిన వ్యాసంతో వాడుకలోకి వచ్చింది. 2020లో ఆసుపత్రుల తలుపులు సగం మూతపడ్డాక, అంతవరకు వద్దన్న రోగులూ వైద్యులూ కూడా వేరే దారి లేక అటు మళ్లారు. అప్పుడు వచ్చినవాళ్లలో కొందరు ఉండిపోయారు, చాలామంది ఆసుపత్రులు తెరవగానే పాత దారినే పట్టారు. ఉండిపోయినవాళ్లు ఎవరు, వెళ్లిపోయినవాళ్లు ఎవరు అన్నది గమనిస్తే మీ ప్రశ్నకు జవాబు చాలావరకు అందులోనే దొరుకుతుంది.

వయసును బట్టి ఈ తేడా వస్తుందని అందరూ ఊహిస్తారు. నా అనుభవంలో తేడా జబ్బును బట్టి వచ్చింది. పదిహేనేళ్లుగా సోరియాసిస్‌తో బాధపడుతున్న 70 ఏళ్ల పెద్దాయనకు తన జబ్బు పేరేమిటో ఒకరు చెప్పాల్సిన పని లేదు. మందు మోతాదు మార్చాలా వద్దా అన్నదే ఆయనకు కావాలి. దాని కోసం బస్సెక్కి వచ్చి మూడు గంటలు కూర్చోవడం ఆయనకు ఇష్టం ఉండదు, కాబట్టి ఫొటోలు క్రమం తప్పకుండా పంపుతారు. మొటిమలున్న కాలేజీ పిల్లలకు నలుగురిలో కూర్చోకుండా పని జరిగితే చాలు. బొల్లి ఉన్నవాళ్లు, మర్మావయవాల దగ్గర సమస్య ఉన్నవాళ్లు, జుట్టు రాలుతున్న ఆడవాళ్లు, వీళ్లకు చర్మవైద్యుల గది బయట ఎవరికంటనైనా పడతామన్న బెరుకే పెద్ద అడ్డంకి. అలాంటివాళ్లు వీడియోలో మొదటి ఐదు నిమిషాల్లో చెప్పినంత విషయం, గదిలో నా ఎదుట కూర్చుని అరగంటలో కూడా చెప్పలేదు. మరోవైపు, ఒంటి మీద కొత్తగా నల్లటి పుట్టుమచ్చ లేచి, క్యాన్సరేమో అన్న భయంతో నిద్రపట్టని మనిషికి ముప్పై ఏళ్లే ఉన్నా, చేతిలో ఎంత మంచి ఫోను ఉన్నా, ఆ భయం తెర మీది మాటతో తీరదు. ఎవరైనా దగ్గరగా వంగి చూడాలి. దాన్ని అపనమ్మకం అనడం నాకు సరిగ్గా తోచదు.

వైద్యుల మాట కూడా చెప్పాలి. ఈ చర్చల్లో ఎప్పుడూ రోగులు ఎందుకు నమ్మరనే అడుగుతారు, మాలో చాలామందికి దీని మీద గురి లేదన్న సంగతి ఎవరూ ఎత్తరు. మసక ఫొటో చూసి ఒక మాట అంటే రేపు అది తప్పయితే బాధ్యత ఎవరిది అన్న జంకు ఒకటి. రోజుకు అరవై ఫొటోలు చూస్తే అందులో ఇరవై చీకట్లో తీసినవి కావడం వల్ల వచ్చే విసుగు మరొకటి. వీటికి తోడు, చేతితో తాకి చూసే అలవాటు పోతే మా విద్యే పోతుందేమో అన్న బెంగ కూడా ఉంది. ఆ బెంగ నాకూ ఉంది. కాకపోతే గురి లేని వైద్యుడు ఆ సంగతిని రోగితో చెప్పకుండా, చూసీ చూడనట్టు రెండు మందులు రాసి పంపించేస్తే, ఆ రోగి ఫోనులో వైద్యం పనికిరాదని పదిమందికి చెబుతాడు. అతను చెప్పేది అబద్ధమూ కాదు.

దూరవైద్యం ఎక్కడ గదిలో చూపించుకోవడం కంటే మేలో ఒక ఉదాహరణ చెబుతాను. దద్దుర్ల జబ్బులో ఒక్కో దద్దురు సాధారణంగా 24 గంటలు దాటి నిలవదు. రాత్రి రెండింటికి ఒళ్లంతా కందిపోయి, కందిరీగలు కుట్టినట్టు ఉబ్బి, తెల్లవారి పదింటికి నా దగ్గరికి వచ్చేసరికి చర్మం నున్నగా, ఏమీ జరగనట్టు ఉంటుంది. రోగి చేతులాడిస్తూ రాత్రి ఎంత ఘోరంగా ఉందో వర్ణిస్తుంటే నేను ఉత్త చర్మాన్ని చూస్తూ కూర్చోవాలి. ఆ రాత్రి రెండింటికి ఇంట్లోవాళ్లు తీసిన నాలుగు ఫొటోలు నా కంటికీ చేతికీ అందనిదాన్ని చూపిస్తాయి. ఒక దద్దురు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీయమని, మర్నాడు అదే వేళకు ఆ గీత లోపల అది ఇంకా ఉందో లేదో చూసి ఫొటో పంపమని కూడా అడుగుతాను. ఉంటే, ముఖ్యంగా అది తగ్గిన చోట కమిలిన మచ్చ మిగిలితే, నేను మామూలు దద్దుర్లని అనుకోకుండా రక్తనాళాల వాపు ఉందేమో అన్న వైపు ఆలోచించాలి. ఇంత చిన్న పరీక్షకు ఆసుపత్రి అక్కర్లేదు, పెన్ను చాలు.

అలాగే దీర్ఘకాలపు జబ్బుల్లో పోల్చి చూడటానికి ఫొటోను మించినది లేదు. గత నెల కంటే తగ్గిందా అని అడిగితే రోగి చెప్పే జవాబు ఆ రోజు అతని మనసు ఎలా ఉందో దాన్ని బట్టి ఉంటుంది. నాకు నెల కిందటి మచ్చ గుర్తుండే అవకాశం ఎటూ లేదు. ఒకే కిటికీ పక్కన, ఒకే దూరం నుంచి నెలకొకటి తీసిన ఆరు ఫొటోలు వరుసగా పెడితే ఇద్దరం ఊహించుకోవాల్సిన అవసరం ఉండదు.

ఇక అందరికీ భయం కలిగించే క్యాన్సరు సంగతి. 2018లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ ఈ విషయంలో వచ్చిన అధ్యయనాలన్నింటినీ క్రోడీకరించి చూసింది. ఫొటోలను చూసి నిపుణులు జల్లెడ పట్టినప్పుడు చర్మక్యాన్సరు గల మచ్చల్లో దృష్టి తప్పిపోయినవి సగటున 7 శాతం లోపే అని ఆ సమీక్ష తేల్చింది, అధ్యయనాల సంఖ్య తక్కువన్న హెచ్చరిక కూడా చేర్చింది. దీన్ని ఎటు నుంచైనా చదువుకోవచ్చు. నేను చదివేది ఇలా: ఎవరిని తొందరగా పిలిపించాలి, ఎవరు ఆగవచ్చు అని వేరు చేయడానికి ఫొటో బాగానే పనికొస్తుంది, ఇది క్యాన్సరు కాదు అని ఖాయంగా చెప్పి ఇంటికి పంపేయడానికి పనికిరాదు. ముదురు రంగు చర్మం గలవారిలో మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మక్యాన్సరు ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. ఆ చోట్లు ఎవరూ ఫొటో తీయరు. గాయకుడు బాబ్ మార్లే కాలివేలి గోరు కింద మచ్చను మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో అది మెలనోమా అని తేలింది, 1981లో 36 ఏళ్ల వయసులో ఆయన చనిపోయాడు. ఫొటోలో లేని చోట ఏముందో ఏ నిపుణుడూ చెప్పలేడు కనుక, ఒక మచ్చ పంపినవారిని నేను అరికాళ్లు, గోళ్లు కూడా పంపమని అడుగుతూ ఉంటాను. కొందరు దీన్ని అనవసరపు కుతూహలం అనుకుంటారు, ఫరవాలేదు.

నా వల్ల జరిగిన ఒక పొరపాటు కూడా చెప్పకపోతే ఇదంతా ప్రచారం లాగా ఉంటుంది. పదేళ్ల కుర్రాడి ముంజేతి మీద పాలిపోయిన మచ్చ ఫొటో పంపారు. అంచులు మసకగా, కాస్త పొడిగా ఉంది. పిల్లల్లో తరచుగా వచ్చే పిటిరియాసిస్ ఆల్బా అని, దానంతట అదే సర్దుకుంటుందని, తేమ నిలిపే క్రీము రాయమని చెప్పాను. మూడు నెలల తర్వాత వేరే పని మీద వాళ్ల అమ్మగారు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. మచ్చ ఇంకా ఉంది. కళ్లు మూసుకోమని చెప్పి దూదిపోచతో తాకుతూ, తాకినప్పుడల్లా వేలితో చూపమన్నాను. చుట్టుపక్కల తాకితే టక్కున చూపించాడు, మచ్చ మీద తాకితే వేలు కదపలేదు. నేను మూడోసారి తాకినప్పుడు, ఇంకా మొదలుపెట్టలేదా అని అడిగాడు. అది కుష్ఠు మొదటి దశ. సకాలంలోనే మందులు మొదలయ్యాయి, పూర్తిగా నయమైంది. కెమెరాదా తప్పు అంటే కాదు, ఫొటో చక్కగానే ఉంది. దూదిపోచ పరీక్షను ఆ తల్లి చేత ఇంట్లోనే, వీడియోలో నా కళ్ల ముందే చేయించి ఉండవచ్చు, నాకు ఆ ఆలోచన రాలేదు. అప్పటి నుంచి పాలిపోయిన మచ్చ ఏది వచ్చినా దూది తెచ్చుకోమని చెప్పకుండా కాల్ మొదలుపెట్టను.

ముదురు రంగు చర్మం గురించి ఇంకొక మాట. చర్మవ్యాధుల పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు చాలాకాలం పాటు ఎక్కువగా తెల్లటి చర్మానివే ఉండేవి. ఎరుపు అని పుస్తకం చెప్పేది గోధుమ, నలుపు చర్మం మీద ఊదాగానో, బూడిదరంగుగానో, లేదా చుట్టుపక్కల కంటే కాస్త ముదురుగానో మాత్రమే కనిపిస్తుంది. పైగా ఇప్పటి ఫోన్లు అడగకుండానే చర్మాన్ని నునుపు చేసి, రంగు తేల్చి చూపిస్తాయి. అలా వాపు, కందడం రెండూ మాయమవుతాయి. ఫొటో పెట్టగానే జబ్బు పేరు చెప్పే యాప్‌లకు కూడా ఇదే చిక్కు. వాటికి నేర్పడానికి వాడిన చిత్రాల్లో ముదురు చర్మం తక్కువ. చాలామంది ఈ యాప్‌నూ, మనిషి అయిన వైద్యుడు ఫొటో చూసి ఇచ్చే సలహానూ ఒకే గాటన కట్టేస్తున్నారు. యాప్ ఒకసారి ఫంగస్ వల్ల వచ్చే తామరను సోరియాసిస్ అని చెబితే, ఆ కోపం మా మీదికి వస్తోంది.

దూరం నుంచి చూడటంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి వీడియో కాల్. రెండోది ఫొటోలు, వివరాలు పంపితే వైద్యులు తీరిక చూసుకుని జవాబిచ్చే పద్ధతి. వీడియోలో మనిషి కనిపిస్తాడు కాబట్టి అదే మెరుగని జనం అనుకుంటారు. నిజానికి కదిలే వీడియోలో చర్మం వివరాలు సరిగ్గా అందవు, నిలకడ ఫొటోలోనే బాగా కనిపిస్తాయి. మాటకు వీడియో, చర్మానికి ఫొటో. రెండూ కలిపి చేసేవాళ్లు దొరికితే అదే ఎంచుకోండి. అన్నట్టు, మాట తక్కువది కాదు. వేళ్ల సందుల్లో చిన్న పొక్కులు, రాత్రిపూట ఎక్కువయ్యే దురద, ఇంట్లో మరో ఇద్దరికి కూడా అదే గోల అని వింటే, మసక ఫొటో ఉన్నా గజ్జి అని అనుమానించగలను. మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, కాబట్టి దురద లేనివాళ్లకు కూడా కలిపి ఒకే రోజు మందు రాయించాలి. ఇవేవీ ఫొటోలో ఉండవు. ప్రశ్న అడిగితేనే బయటికి వస్తాయి.

కాబట్టి మంచి సంప్రదింపును గుర్తుపట్టే మార్గం కూడా అదే. ఎన్నాళ్ల నుంచి, ఎక్కడ మొదలైంది, ఇంతవరకు ఏమేం రాశారు, ఇంట్లో ఇంకెవరికి ఉంది, మరే మందులు వాడుతున్నారు అని అడగకుండా అర నిమిషంలో నాలుగు ట్యూబులు రాసిచ్చే వ్యక్తి దగ్గర ఆగవద్దు. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చెప్పడానికి తటపటాయించేవారి దగ్గర కూడా ఆగవద్దు. మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ లాంటి మందు గర్భిణులు వాడితే పుట్టే బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. దాన్ని ఒక యువతికి ఆ ప్రశ్నే అడగకుండా రాసే వైద్యులు దూరంగా ఉన్నా, ఎదురుగా ఉన్నా ప్రమాదమే. ఇది ఫొటోలో తేలదు, మీరు స్వయంగా రావాల్సిందే అని ఎవరైనా అంటే మాత్రం, డబ్బు వృథా అయిందని బాధపడకండి. నేను ఆ మాట అన్న ప్రతిసారీ, ఆ మాత్రం దానికి ఫోను ఎందుకు అని రోగి ముఖం ముడుచుకోవడం చూస్తుంటాను. ఎంత తొందరగా రావాలో తెలియడం కూడా ఒక ఫలితమే అని ఎంత చెప్పినా అది అంత తేలిగ్గా ఎక్కదు.

గోప్యత గురించి భయపడేవాళ్లను కూడా నేను తీసిపారేయను. ఒక అమ్మాయి తన నడుము దగ్గర ఉన్న మచ్చలను తమ్ముడి ఫోనుతో తీసి పంపింది, ఫోనులోంచి తీసేశాననే అనుకుంది. ఆ ఫోను ఫొటోలన్నీ ఇంట్లోవాళ్లందరి ఉమ్మడి ఖాతాలోకి వాటంతటవే వెళ్తుంటాయి. ఆ రాత్రి హాల్లో టీవీ మీద కుటుంబపు పాత ఫొటోలు వరుసగా తిరుగుతుంటే మధ్యలో అవి వచ్చాయి. వైద్యులు ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇలాంటిదాన్ని ఆపలేరు. సొంత ఫోను వాడండి, ఖాతాకు చేరే అమరికను ఆ కాసేపు ఆపండి, ముఖం అవసరం లేని చోట ముఖం రానివ్వకండి. పిల్లల మర్మావయవాల సమస్య అయితే ఫొటోల జోలికి వెళ్లకుండా నేరుగా తీసుకువెళ్లమంటాను.

కొన్నింటికి మాత్రం ఫోను తీయడమే పొరపాటు. కొత్త మందు మొదలుపెట్టిన నాలుగు వారాల లోపు జ్వరంతో పాటు ఒళ్లంతా మచ్చలు లేచి, నోట్లో, కళ్లలో పుళ్లు పడి, చర్మం ఊడుతుంటే అది మందు వికటించి ప్రాణం మీదికి తెచ్చే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ కావచ్చు. పెదవులు వాచి ఊపిరి అందకపోయినా, కాలి మీది ఎరుపు గంటగంటకూ పాకుతూ భరించలేని నొప్పి ఉన్నా, జ్వరంలో వచ్చిన ఎర్రటి చుక్కలు గాజు గ్లాసు పక్కభాగంతో నొక్కినా చెరగకుండా నిలిచే ఉన్నా, అత్యవసర విభాగానికి పరుగెత్తాలి. వీటిలో దేనికీ ఫొటో తీసి జవాబు కోసం ఎదురుచూడవద్దు.

ఇప్పుడు మీ నాన్నగారి పాదం. చూడకుండా పేరు పెట్టను గానీ, ట్యూబు రాస్తే తగ్గి మానితే తిరగబెట్టడం అన్న మాట వినగానే నా అనుమానం ఆ ట్యూబు మీదికే వెళ్తుంది. అందులో స్టెరాయిడ్ ఉండి, అసలు జబ్బు తామర అయితే, స్టెరాయిడ్ వాపునూ ఎరుపునూ అణచి, ఫంగస్‌ను లోపల పెంచుతుంది. అంచులు చెరిగిపోయి చివరకు తామర తామరలాగా కనిపించదు. చెప్పు పట్టీ తగిలే చోటే మచ్చ ఉంటే తోలు శుద్ధి చేయడానికి వాడే క్రోమియం గానీ, రబ్బరులో కలిపే రసాయనాలు గానీ పడకపోయి ఉండవచ్చు. దురద వల్ల అదేపనిగా గీరుతూ ఉంటే ఆ గీరుడుకే చర్మం దళసరి అయి నల్లబడుతుంది. ఈ మూడింటినీ దూరం నుంచి చాలావరకు వేరు చేయవచ్చు. అనుమానం మిగిలితే పొట్టు పరీక్షకు మీ దగ్గర్లోని ప్రయోగశాలకు పంపుతారు. కాబట్టి ఈ మచ్చకు మొదట ఫోనులో చూపించడంలో తప్పు లేదని ధైర్యంగా మీ ఇంట్లో చెప్పండి. మొదట మాత్రం దూదిపోచ పరీక్ష చేయండి. మచ్చ మీద స్పర్శ తగ్గిందనిపిస్తే, లేదా అది పుండు పడి మానకుండా ఉంటే, నాన్నగారికి మధుమేహం ఉండి పాదం మీద ఎక్కడైనా గాయం ఉంటే, ఫోను పక్కన పెట్టి తీసుకువెళ్లండి.

ఫొటోలు పగటిపూట, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, ఫ్లాష్ ఆపి తీయండి. ఆ రోజు పాదానికి ఏమీ రాయవద్దు. వెనక వైపు కెమెరాతో తీయాలి, ముఖానికి మెరుగులు దిద్దే అమరిక ఏదీ ఉండకూడదు. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి పైనుంచి ఒకటి, మచ్చ మాత్రం కనిపించేలా జానెడు దూరం నుంచి ఒకటి, అదే మచ్చను పక్కవాటుగా ఒకటి తీయండి. పక్కవాటుగా తీస్తే అది ఎంత ఎత్తు లేచిందో తెలుస్తుంది. పక్కన ఒక స్కేలు పెట్టండి. వేళ్ల సందులు, అరికాళ్లు, గోళ్లు కూడా తీయండి, పాదానికి తామర ఉన్నవాళ్లలో చాలామందికి అది వేళ్ల సందుల్లోనే మొదలవుతుంది. చాటింగ్ యాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగి చిన్నదవుతుంది, ఫైలుగా జతచేసి పంపితే వివరం పోదు. ఆయన రోజూ వేసుకునే చెప్పులను పట్టీలు కనిపించేలా ఒక ఫొటో తీయండి. చివరిగా, ఆ ట్యూబును తప్పకుండా తీయండి, రెండు వైపులా. అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చి పేరు సగం చెరిగిపోయి ఉంటుంది, అయినా ఫరవాలేదు, మిగిలిన ఆ సగం పేరు చాలు మాకు.